పెర్ల్ రివర్‌లో భీమవరం డాక్టరు

న్యూజెర్సీలో మేముండే ఊరికి పెర్ల్ రివర్ అరగంట దూరం. సరిహద్దు దాటగానే న్యూయార్క్ రాష్ట్రంలో వచ్చే చిన్న ఊరు. యల్లాప్రగడ సుబ్బారావు గారు చివరి ఎనిమిదేళ్లు పనిచేసిన లెడర్లీ సంస్థ అక్కడే ఉండేది. ఆయన గురించి మనవాళ్లు ఎక్కువగా చెప్పుకునేది ఏటీపీ సంగతి. నన్ను ఆకట్టుకున్నది మాత్రం బ్యాక్టీరియాతో ఆయనకున్న లావాదేవీ.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ దక్కక ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. ఇద్దరు తోబుట్టువులను స్ప్రూ అనే పేగు జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి చిక్కిపోయే జబ్బు అది. 1922లో భార్య శేషగిరి గారిని ఇంటి దగ్గరే ఉంచి బోస్టన్ వచ్చారు. మళ్లీ వెళ్లలేదు. నోబెల్ రాలేదని మనం వాపోతుంటాం గానీ, నాకు ఆవిడ ఎదురుచూపే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

లెడర్లీలో ఆయన బృందం వెతికింది ఫోలిక్ యాసిడ్ కోసం. కాలేయంలో అది ఉండేది అణుమాత్రం. దాన్ని కొలిచే తక్కెడ ఒక బ్యాక్టీరియా, ల్యాక్టోబాసిల్లస్ కేసీ. ఈ విటమిన్ లేనిదే అది పెరగదు. ఎంత పెరిగితే నమూనాలో అంత విటమిన్ ఉన్నట్టు లెక్క. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. దానితో స్ప్రూ రోగులు కోలుకున్నారు.

వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాలకూ అదే కావాలి. అచ్చం దానిలాగే ఉండి కణాన్ని బోల్తా కొట్టించే అమినోప్టెరిన్ కూడా ఈ బృందమే చేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మంది కొన్నాళ్లు తేరుకున్నారు. అంతకుముందు అదీ లేదు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు. వయసు 53.

ఇక హార్మోన్ల సంగతి. ఫోలిక్ యాసిడ్ లేకపోతే ఈస్ట్రోజెన్ ఇచ్చినా కోడిపిల్లల అండవాహిక పెరగదని రాయ్ హెర్ట్జ్ గమనించారు. 1950లలో బెథెస్డాలో ఆయన, మిన్ చియు లీ కలిసి, మావి కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌కు లెడర్లీ మందే అయిన మెథోట్రెక్సేట్ వాడారు. ఆ కణితి గర్భధారణ హార్మోన్‌ను వదులుతుంది. కణితి కంటికి కనబడకుండా పోయినా, ఆ హార్మోన్ పూర్తిగా మాయమయ్యేదాకా లీ మందు ఆపలేదు. ఆ పట్టుదలకు ఆయన ఉద్యోగం పోయింది. ఆ స్త్రీలు మాత్రం బతికారు.

మా అత్తగారు కీళ్లవాతానికి వేసుకునే చిన్న మాత్ర కూడా మెథోట్రెక్సేటే. వారానికి ఒక్కసారే సుమా, రోజూ కాదు. మన పేగుల్లోని బ్యాక్టీరియా ఆ మందును కొంత విరిచేస్తుందనీ, ఒకరికి పనిచేసి మరొకరికి చేయకపోవడంలో దాని పాత్రా ఉండొచ్చనీ ఇప్పుడు పరిశోధకులు చెబుతున్నారు.