ఆంబ్రోజ్ పారే

ఫ్రాన్సుదేశమున లవాల్ పట్టణము చెంత నొక చిన్నపల్లెలో సుమారు 1510వ సంవత్సరమున ఆంబ్రోజ్ పారే జన్మించెను. శస్త్రవైద్య చరిత్రమున నేడు మొదటి వరుసలో చెప్పబడు నీతడు కళాశాలలో చదివినవాడు కాడు, లాటినుభాష యెరుగడు. ఆ కాలమున కత్తి పట్టుట వైద్యపండితులకు చిన్నతనము. గడ్డలు కోయుట, నెత్తురు తీయుట, గాయములు కట్టుట క్షురకుల పని. మన పల్లెలలో మంగలివారు పుండ్లకు శస్త్రము చేసిన దినములను గూర్చి పెద్దలవలన వినియున్నవారమగుటచే మాకిది వింతగా తోపలేదు.

పారే పారిసులోని ఓతెల్ ద్యూ అను పెద్ద ఆసుపత్రిలో కొన్నియేండ్లు పనిచేసి, పిమ్మట సైన్యముతో వెడలెను. తుపాకిగాయములు విషపూరితములని యెల్లరు నమ్మి, వానిలో కాగిన నూనె పోయుచుండిరి. 1537లో ట్యూరిన్ దండయాత్రయందు ఒకనాడు నూనె చాలకపోయెను. గత్యంతరము లేక పారే మిగిలినవారికి గ్రుడ్డు పచ్చసొన, గులాబితైలము, టర్పెంటైను కలిపి పూసి కట్టెను. తనవలన వారు చత్తురేమోయని ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. తెల్లవారకముందే లేచి చూడగా, నూనె పోయబడినవారు జ్వరముతోను వాపుతోను తల్లడిల్లుచుండిరి. లేపనము పూయబడినవారు సుఖముగా నుండిరి. ఇక నెవ్వరినిట్లు కాల్చనని అతడు నిశ్చయించుకొనెను. 1545లో ఈ సంగతులను ప్రజలభాషయగు ఫ్రెంచిలోనే ప్రకటించెను. నలుగురు రాజులకు వైద్యుడయ్యెను. 1561లో గుఱ్ఱము తన్ని అతని కాలే విఱిగినది. కోలుకొని మరల నడచెను.

అయితే మేమీ చరిత్రము వ్రాయుటకు కారణము వేఱు. తొడయెముక తల కొన్నివేళల మెడనుండి విడిపోవుననియు, దానిని చూచి వైద్యుడు కీలు తప్పినదని భ్రమపడుననియు 1572లో మొట్టమొదట గుర్తించినవాడు పారేయే. ఎక్స్‌రే కనుగొనబడినది 1895లో! ఎదుగు పిల్లలలో ఆ తలకును మెడకును నడుమ మెత్తని పెరుగుదల పొర యొకటి కలదు. 10 మొదలు 16 ఏండ్ల లోపల, విశేషించి బరువైన దేహముగల బాలురలో, ఆ పొర లొంగిపోవును. తల తుంటిగిన్నెలోనే నిలువగా మెడ జరిగిపోవును. పాదము వెలుపలికి తిరుగును. నొప్పి మాత్రము తఱచుగా తొడలోనో మోకాలిలోనో తెలియును. మోసమంతయు నిచ్చటనే యున్నది.

కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలో స్థూలకాయుడగు నొక బాలుడు కుంటుచు వచ్చుచుండెను. మోకాలు నొప్పియనెను. డ్రిల్లు తప్పించుకొనుటకు నటించుచున్నాడని మేము తలచి, రెండుమారులు ఎండలో నిలువబెట్టితిమి. ఇంటివారు మోకాలికి తైలము మర్దించిరి. రెండు నెలలు గడచిన పిదప ఒక వైద్యుడు మోకాలిని విడిచి తుంటికి ఎక్స్‌రే తీయించెను. తల జారియున్నది. నాటినుండి కాలు నేలమోపనీయక, మరచీలతో ఎముకను బిగించిరి. ఇంకను ఆలసించినచో తలకు రక్తము అందక అది చచ్చిపోవచ్చునట. రెండవ తుంటి కూడ జారవచ్చునని చాలకాలము పరీక్షించుచుండిరి. అతడు నేటికిని కొంచెము ఒరగి నడచును. కనబడినప్పుడెల్ల మాకు నమస్కరించును.

1575లో పారే తన గ్రంథములన్నిటిని ఒక్కటిగా ప్రకటింపగా పారిసు వైద్యపండితులు ఆక్షేపించిరి. ఐనను అవి పలుమారులు అచ్చుపడెను. అతడు 1590 డిసెంబరు 20వ తేదీన పారిసులో మరణించెను.