ఉప్పు నడకను కొలిచిన గ్రాహం

గ్లాసు నీళ్లలో అడుగున కల్లుప్పు వేసి కదపకుండా వదిలేస్తే కొన్నాళ్లకి పైనీళ్లు కూడా ఉప్పగా అయిపోతాయి. దీన్నే వ్యాపనం అంటారని సైన్సు మాస్టారు చెప్పారు కదా. ఎవరూ కలపకుండానే ఉప్పు ఎంత తొందరగా నడుస్తుందో ఓపిగ్గా కొలిచిన మనిషి థామస్ గ్రాహం.

ఆయన స్కాట్లాండులో గ్లాస్గో పట్నంలో 1805లో పుట్టారు. తండ్రి బట్టలు తయారుచేయించే వ్యాపారి. కొడుకు పాదిరి కావాలని ఆయన కోరిక. 1819లో గ్లాస్గో యూనివర్సిటీలో చేరేసరికి గ్రాహం మన ఈడువాడే! అక్కడ రసాయన శాస్త్రం పాఠాలు విని, ఇక అదే చదువుతానని పట్టుపట్టారు. తండ్రికి కోపం వచ్చి డబ్బులివ్వడం మానేశారు. తల్లీ, సోదరీ మాత్రం ఆయన్ని విడిచిపెట్టలేదు. పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, వ్యాసాలు రాసుకుంటూ చదువు సాగించారు. రాసి సంపాదించిన మొదటి డబ్బుతో ఆ ఇద్దరికీ కానుకలు కొన్నారంట. ఆయన కనిపెట్టిన వాటన్నిటికంటే నాకు ఈ సంగతే ఎక్కువ నచ్చింది. మా ఇంట్లో కూడా నన్ను బడికి పంపాలని పట్టుపట్టింది అమ్మే.

మొదట గాలుల మీద పనిచేశారు. తేలికైన వాయువు తొందరగా పాకుతుంది, బరువైనది నెమ్మదిగా పాకుతుంది. హైడ్రోజన్ ఆక్సిజన్ కంటే నాలుగు రెట్లు వేగంగా పోతుంది. ఈ నియమం 1833లో అచ్చయింది. 1837 నుంచి లండన్‌లో ప్రొఫెసరుగా ఉన్నారు.

తరవాత ఉప్పు పని. చిన్న సీసా నిండా ఉప్పునీళ్లు పోసి, దాన్ని మంచినీళ్లున్న పెద్ద జాడీలో దించేవారు. ఇక ముట్టుకోకూడదు. రోజుల తరబడి అలాగే ఉంచి, చిన్న సీసాను తీసేసి, జాడీలో నీళ్లు ఇగరబెట్టి మిగిలిన ఉప్పు తూచేవారు. వినడానికి తేలికే, కానీ జాడీ కాస్త కదిలినా లెక్క పాడైపోతుంది. ఉప్పులన్నీ ఒకేలా నడవవని, జిగురు, గుడ్డు తెల్లసొన లాంటివి మరీ నెమ్మదని ఇలా తేలింది. అలాంటి వాటికి 1861లో కొల్లాయిడ్లని పేరు పెట్టారు. పలచని తోలుకాగితంలోంచి ఉప్పు దాటిపోతుంది, జిగురు ఆగిపోతుంది. దీనికి డయాలసిస్ అని పేరు పెట్టిందీ ఆయనే. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బువాళ్లకి చేసేది ఈ పద్ధతి మీద వచ్చిందే.

1855లో జర్మనీ డాక్టరు అడాల్ఫ్ ఫిక్ ఈ ఉప్పు నడకకి లెక్కసూత్రం కట్టారు. అదే ఏడు గ్రాహం లండన్ టంకశాలకి పెద్ద అయ్యారు, ఒకప్పుడు న్యూటన్ చేసిన ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. 1869లో చనిపోయారు.

ఆ కొలత ఇప్పటికీ పనికొస్తోంది. కెనడాలో వేల ఏళ్ల కిందట మంచుగడ్డలు జరిగి వదిలేసిన బంకమట్టి ఉంది. దానిలో సన్నని పగుళ్లుంటాయి. చెత్తకుప్పల నుంచి వచ్చే మురికినీరు పగులులో తొందరగా దిగిపోతుంది, అందులో కరిగిన విషం మాత్రం పక్కనున్న మట్టిలోకి మెల్లగా పాకుతుంది. ఎంత మెల్లగానో తెలియాలంటే మట్టిముద్ద తవ్వితెచ్చి, ఒక పక్క ఉప్పునీళ్లు పెట్టి, రోజూ చూస్తారు. చెత్త వేయడం మానేశాక కూడా మట్టిలో దాగిన విషం మళ్లీ పగులులోకి కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది, ఏళ్ల తరబడి.