కోళ్ల షెడ్డులో పంతులమ్మ

పాత విద్యార్థులం నలుగురం ఎక్కడ కలిసినా మాట మొదలయ్యేది మాస్టార్లతోనే. లెక్కల మాస్టారు ఎక్కడున్నారు, సైన్సు టీచరు గారి ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతాం. ఏదైనా సభ పెడితే పిలిచి, శాలువా కప్పి, కాళ్లకు దణ్ణం పెట్టి, ఫొటో తీయించుకుంటాం. ఆయనకు నెలనెలా మందులకు ఎంతవుతోంది, వచ్చే పింఛను అందుకు చాలుతోందా అని మాత్రం అడగం. అడగడానికి మొహమాటం. ఆ ప్రశ్న అడగడమే పనిగా పెట్టుకున్న ఒక హెడ్‌మిస్ట్రెస్ అమెరికాలో ఉండేవారు. ఆమె పేరు ఎథెల్ పెర్సీ ఆండ్రస్.

ఆమె 1884లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు, షికాగోలో పెరిగారు. షికాగో విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని 1903 నుంచి ఆ నగరంలోనే పాఠాలు చెప్పారు. ఖాళీ వేళల్లో హల్ హౌస్‌కు వెళ్లేవారు. జేన్ ఆడమ్స్ వలస కూలీల కుటుంబాల కోసం నడిపిన సేవాకేంద్రం అది. బీదవాళ్లకు జాలితో ఏదో ఒకటి ఇచ్చి పంపడం వేరు, వాళ్ల పక్కన నిలబడి పని చేయడం వేరు అన్న తేడా ఆమెకు అక్కడే ఒంటబట్టిందని నేననుకుంటాను. తండ్రి ఆరోగ్యం దెబ్బతినడంతో 1910లో కుటుంబం కాలిఫోర్నియాకు తిరిగి వచ్చేసింది.

1916లో లాస్ ఏంజెలెస్‌లోని లింకన్ హైస్కూలుకు ఆమె ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటికి వయసు 32 ఏళ్లు. కాలిఫోర్నియాలో ఒక నగర ఉన్నత పాఠశాలకు అధిపతి అయిన మొదటి మహిళ ఆమే. ఆ పేట అంతా వలస వచ్చినవాళ్లది. ఇటలీ, మెక్సికో, చైనా, జపాన్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒకే తరగతి గదిలో కూర్చునేవారు. వాళ్ల తల్లిదండ్రుల కోసం ఆమె సాయంత్రపు బడి కూడా నడిపారు. ఉద్యోగం చేస్తూనే చదువుకుని 1930లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. 28 ఏళ్లు ఒకే బడి. బదిలీల మధ్య నలిగిపోయే మన ప్రధానోపాధ్యాయులకు ఇది కాస్త అసూయ కలిగించే సంగతే!

1944లో తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి రిటైరయ్యారు. తల్లి కోలుకున్నారు. ఆండ్రస్‌కు నెలకు వచ్చే పింఛను దాదాపు 60 డాలర్లు. ఆమెకు వేరే ఆధారం ఉంది కనుక ఇబ్బంది లేదు. అది లేనివాళ్ల గతి ఏమిటి? కాలిఫోర్నియా రిటైర్డ్ టీచర్ల సంఘంలో సంక్షేమ బాధ్యతలు తీసుకుని ఆ సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టారు.

ఆ తిరుగుళ్లలోనే ఒకరోజు, ఊళ్లో ఒక ముసలావిడ కష్టంలో ఉందని తెలిసి వెతుక్కుంటూ వెళ్లారట. ఆవిడ ఇంట్లో లేదు, పెరట్లో కోళ్ల షెడ్డులో కాపురముంటోంది. ఒకప్పుడు పేరున్న టీచరు. చేతికొచ్చే కొద్దిపాటి పింఛనుతో ఇల్లు అద్దెకు తీసుకోలేక, డాక్టరు దగ్గరికి పోలేక ఆ షెడ్డులో తలదాచుకుంది. ఈ కథ ఇప్పటికీ అమెరికాలో చెప్పుకుంటారు. ఆ టీచరు చేసిన తప్పేమీ లేదు. దుబారా చేయలేదు, పనికి ఎగనామం పెట్టలేదు. జీవితమంతా పాఠాలు చెప్పింది, అంతే.

ఆ ఒక్కరికీ చందా వేసి ఊరుకుని ఉంటే ఆండ్రస్ పేరు ఇవాళ మనం తలుచుకునేవాళ్లం కాదు. 1947లో దేశం మొత్తానికీ రిటైర్డ్ టీచర్ల జాతీయ సంఘం పెట్టారు. మెరుగైన పింఛను ఆమె మొదటి కోరిక. ఆరోగ్య బీమా రెండోది, ఎక్కువ కష్టమైనదీ అదే. ఆ రోజుల్లో 65 దాటినవాళ్లకు ఆరోగ్య బీమా దొరకడం దాదాపు అసాధ్యం. ముసలివాళ్లకు జబ్బులెక్కువ, నష్టం తప్పదని కంపెనీల లెక్క. నలభైకి పైగా కంపెనీలు ఆమెను తిప్పి పంపాయని చెబుతారు.

చివరికి 1955లో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన లియొనార్డ్ డేవిస్ అనే బీమా ఏజెంటు దొరికాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా పాలసీ అమ్మితే ఏజెంటు ఖర్చు, వైద్య పరీక్ష ఖర్చు తప్పవు. వేలమంది సభ్యులున్న సంఘానికి ఒకే గ్రూపు పాలసీ ఇచ్చి, ప్రీమియం పోస్టులో కట్టించుకుంటే ఆ ఖర్చులు తగ్గుతాయి. జబ్బు పడేవాళ్ల భారం మిగతా అందరి మీదా పలచగా పడుతుంది. మరుసటి ఏడాదికల్లా రిటైర్డ్ టీచర్లకు బీమా అందింది.

ఈలోగా 1954లో కాలిఫోర్నియాలోని ఓహై పట్టణంలో గ్రే గేబుల్స్ అనే ఆశ్రయం తెరిచారు. రిటైరైన టీచర్లు కలిసి ఉండే నివాసం అది. వృద్ధాశ్రమం అనగానే మన మనసులో మెదిలే చీకటి వరండా బొమ్మకూ దానికీ పోలిక లేదు. ఉపాధ్యాయ సంఘం పనులు కూడా అక్కడినుంచే నడిచాయి.

బీమా సంగతి తెలిసి టీచర్లు కానివాళ్లు కూడా తమకూ కావాలని ఉత్తరాలు రాయసాగారు. అలా 1958లో రిటైరైనవాళ్లందరి కోసం ఏఏఆర్‌పీ పుట్టింది. దాని పత్రికకు ఆమే సంపాదకురాలు. 1959లో పోస్టు ద్వారా చవకగా మందులు పంపే ఏర్పాటు, 1963లో వాషింగ్టన్‌లో పెద్దలు మళ్లీ చదువుకునే సంస్థ మొదలయ్యాయి. పెద్దలు ఊరికే కూర్చోవడం ఆమెకు నచ్చదు. సభ్యులు సౌకర్యాలతో సరిపెట్టుకోకుండా తమ ఊరికి ఏదో ఒక పని చేయాలని పట్టుబట్టేవారు. హెడ్‌మిస్ట్రెస్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

అన్నీ మెచ్చుకోదగ్గవేనా అంటే, కాదు. డేవిస్ ఆ తర్వాత సొంత బీమా కంపెనీ పెట్టి బాగా సంపాదించాడు. సేవాసంస్థ ఎక్కడ ఆగిందో వ్యాపారం ఎక్కడ మొదలైందో తెలియడం లేదని 1970లలో గట్టి విమర్శలే వచ్చాయి, ఆ కంపెనీతో సంఘం తెగతెంపులు చేసుకోవలసి వచ్చింది. వాటికి జవాబు చెప్పడానికి అప్పటికి ఆండ్రస్ లేరు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. 1967 జూలై 13న, 82 ఏళ్ల వయసులో గుండెపోటుతో పోయేదాకా సంస్థ అధ్యక్షురాలిగానే ఉన్నారు. 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వార్ధక్యం మీద పరిశోధన చేసే కేంద్రానికి ఆమె పేరు పెట్టారు. 1982లో టీచర్ల సంఘం ఏఏఆర్‌పీలో కలిసిపోయింది. 2008లో ఆ సంస్థ కూడా మన బడిలాగే స్వర్ణోత్సవం జరుపుకుంది. అప్పటికి దాని సభ్యులు కోట్లలో ఉన్నారు.