నొప్పి నెరుగని నిద్ర : డాక్టర్ జేమ్స్ ఎస్డేల్ జీవితం

మత్తుమందులు లేని కాలంలో శస్త్రచికిత్స అంటే ప్రత్యక్ష నరకమే. నలుగురు బలవంతులు రోగిని కదలకుండా పట్టుకొనగా, అతడు ఆక్రందిస్తుండగానే వైద్యుడు కత్తి పెట్టవలసి వచ్చేది. ఆ బాధను తొలగించవచ్చునని మన దేశంలోనే చేసి చూపిన వైద్యుడు జేమ్స్ ఎస్డేల్.

ఎస్డేల్ 1808లో స్కాట్లండులోని మాంట్రోజ్‌లో ఒక మతాచార్యుని కుమారుడుగా జన్మించారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ముగించి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి బెంగాలుకు వచ్చారు. కొంతకాలానికి హుగ్లీ ఆసుపత్రి బాధ్యతలు చేపట్టారు.

1845 ఏప్రిల్‌లో వరిబీజంతో బాధపడుతున్న ఒక ఖైదీకి చికిత్స చేస్తూ, అతని వేదన చూడలేక, పుస్తకాలలో చదివిన మెస్మరిజాన్ని ప్రయోగించారు. అంతకుముందు ఆ ప్రక్రియను ఆయన కళ్లారా చూచి ఎరుగరు. రోగి గాఢనిద్రలోకి జారి, సూదితో గుచ్చినా చలించలేదు. అది మొదలు ఎనిమిది నెలలలో 70కి పైగా శస్త్రచికిత్సలను ఎస్డేల్ ఈ విధంగా నిర్వహించారు. వీటిలో బోదవ్యాధి వలన పెరిగిన పెద్ద కణితుల తొలగింపులూ ఉన్నాయి. చీకటి గదిలో పరుండిన రోగిపై గంటల తరబడి చేతులాడించే ఈ శ్రమను ఆయన శిక్షణ నిచ్చిన స్థానిక సహాయకులే ఎక్కువగా వహించారు.

1846లో ప్రభుత్వం ఒక పరిశీలక సంఘాన్ని నియమించింది. దాని నివేదిక అనుకూలంగా ఉండడంతో కలకత్తాలో ఏడాదిపాటు ఒక చిన్న ఆసుపత్రి నడిచింది. 1848లో ప్రజల చందాలతో మరొకటి వెలసింది. కాని ఈ పద్ధతికి కాలం ఎక్కువ పట్టేది. అందరికీ నిద్ర పట్టేదీ కాదు. ఇంతలో 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారము వచ్చాయి. క్షణాలలో పనిచేసే ఆ మందుల ముందు చేతులాడించే విద్య నిలువలేకపోయింది. 1851లో స్వదేశానికి మరలిన ఎస్డేల్ 1859లో కన్నుమూశారు.

వైద్యుని దేహం నుండి రోగి దేహంలోకి ఒక అదృశ్యశక్తి ప్రవహిస్తుందని ఎస్డేల్ విశ్వసించారు. ఆ నమ్మకం నిలువలేదు. అది రోగి మనస్సులోని ఏకాగ్రత ఫలితమేనని మాంచెస్టర్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ వివరించి, 1840లలోనే దానికి హిప్నాటిజమనే పేరును రూఢి చేశారు. శస్త్రచికిత్సలో నొప్పిని, ఆందోళనను తగ్గించడానికీ, దీర్ఘకాలపు పేగు రుగ్మతలలో ఉపశమనానికీ హిప్నాటిజం తోడ్పడుతుందని నేటి పరిశోధనలు తెలుపుతున్నాయి. అయితే దాని ఫలితం మనిషి మనిషికీ మారుతుంది. అది వైద్యానికి సహాయకారియే గాని ప్రత్యామ్నాయం కాదు.

ఎస్డేల్ చెప్పిన కారణం తప్పు. చూచిన ఫలితం నిజం. ఈ రెంటినీ వేరుచేసి చూడగలగడమే శాస్త్రదృష్టి. తోటివాని బాధను చూచి ఊరకుండలేని హృదయం ఆ దృష్టికి తోడైనప్పుడే విద్య సార్థకమవుతుంది.