కార్డు వెనక ఎర్రటి అక్షరం

సంచికకు ఎవరైనా మహనీయుల జీవితం రాసిమ్మని కమిటీ మిత్రులు అడిగినప్పుడు కాస్త తటపటాయించాను. వీరేశలింగం గారి గురించీ, సి.వి. రామన్ గారి గురించీ ఇలాంటి సంచికల్లో ఎందరో రాశారు. నాకంటే బాగా రాశారు. నేను కొత్తగా చెప్పగలిగేదేముంది? చివరికి కత్తెర, జిగురు, రంగు కాగితాలు, వీటితోనే చరిత్రలో పేరు తెచ్చుకున్న ఒకావిడను ఎంచుకున్నాను. ఆమె పేరు ఎస్తర్ హౌలండ్. అమెరికా దేశస్థురాలు. పోయి 120 ఏళ్లు దాటింది.

ఎందుకీవిడ అని మీరు అడగవచ్చు. చెప్తాను.

మెస్ బిల్లు కట్టలేని విద్యార్థుల సహాయం కోసం నూతన సంవత్సరం గ్రీటింగ్ కార్డులు మేమే తయారుచేసి అమ్ముదామని పోయిన డిసెంబరులో హాస్టల్లో తలపెట్టాం. 200 కార్డులు చేయాలని లెక్క. పెన్సిలు గీత చెరిపే రబ్బరు ముక్కల మీద బ్లేడుతో పువ్వులూ, పిట్టలూ, దీపాలూ చెక్కి, స్టాంపు ప్యాడ్ మీద అద్ది, మడిచిన డ్రాయింగ్ షీటు మీద ముద్రలు వేయడం మా పద్ధతి. అదెంత కష్టమో మొదటి రాత్రే తెలిసొచ్చింది. అక్షరాలు తిరగేసి చెక్కాలని ఎవరికీ తట్టలేదు. దాంతో మా శుభాకాంక్షలు అద్దంలో పెట్టి చదువుకోవాల్సిన శుభాకాంక్షలయ్యాయి. పైగా ఎవరి కార్డు వాళ్లే మొదటినుంచి చివరిదాకా చేయాలన్న పట్టుదల ఒకటి. రెండు రాత్రులు మేలుకుని తీరా లెక్కపెడితే తేలినవి 31.

అంతకంటే పెద్ద గొడవ కార్డు వెనక ఎవరి పేర్లు వేయాలన్న దగ్గర వచ్చింది. సీనియర్లం నలుగురం మా పేర్లు వేసుకున్నాం. స్టాంపులన్నీ చెక్కిపెట్టిన ఫస్టియర్ తమ్ముడి పేరు మరిచిపోయాం. నిజం చెప్పాలంటే మరిచిపోలేదు, చోటు చాలదనుకున్నాం. అతను ఒక్క మాట అనకుండా బ్లేడు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఈ సంగతి విన్న మా మేడమ్ గారు నన్ను పిలిపించారు. మందలిస్తారనుకుంటే, ఎస్తర్ హౌలండ్ గురించి చదివి రమ్మన్నారు. అలా చదివినదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ఎస్తర్ 1828లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో పుట్టింది. తండ్రి సౌత్‌వర్త్ హౌలండ్‌కు ఆ ఊళ్లో పుస్తకాలు, స్టేషనరీ అమ్మే దుకాణం ఉండేది. తల్లి పేరు కూడా ఎస్తరే. వంట గురించీ, పొదుపుగా ఇల్లు నడపడం గురించీ ఆ తల్లి రాసిన పుస్తకం 1840ల్లో అచ్చయి చాలామంది ఇళ్లకు చేరింది. అంటే కాగితం వాసన, సిరా వాసన మధ్యే ఈ పిల్ల పెరిగిందన్నమాట.

ఆమె చదివింది సౌత్ హ్యాడ్లీ అనే చోట ఉన్న మౌంట్ హోలియోక్ విద్యాలయంలో. ఆడపిల్లలకు మగపిల్లలతో సమానమైన చదువు చెప్పాలన్న సంకల్పంతో మేరీ లయన్ అనే ఆవిడ 1837లో దాన్ని స్థాపించారు. మొదట్లో అక్కడ ఏడాదికి చదువుకీ, భోజనానికీ, బసకీ కలిపి 60 డాలర్లే. అంత తక్కువకు ఎలా నడిచిందంటే, పనివాళ్లను పెట్టుకోకుండా వంటపనీ ఇంటిపనీ విద్యార్థినులే పంచుకునేవారు. రొట్టెలు చేసేది ఒక జట్టు, గిన్నెలు తోమేది ఒక జట్టు, బల్లలు సర్దేది ఇంకో జట్టు. ఎవరి పని వాళ్లది, కానీ భోజనం అందరిదీ. ఎస్తర్ 1847లో అక్కడ చదువు పూర్తిచేసి ఇంటికొచ్చింది.

ఇక్కడొక తమాషా ఉంది. ఫిబ్రవరి 14న వాలెంటైన్ పేరుతో ప్రేమా స్నేహం తెలిపే చీటీలు పంపుకునే ఆచారం అప్పటికే ఆ దేశంలో పాకింది. 1848 ఫిబ్రవరిలో మేరీ లయన్ గారు హాలులో నిలబడి, విద్యాలయంలో ఎవరూ అలాంటి పిచ్చి చీటీలు పంపకూడదని నిషేధించారు. ఆ ఏడు అక్కడ చదువుతున్న ఒకమ్మాయి తన అన్నకు రాసిన ఉత్తరం వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది. ఆ అమ్మాయే తర్వాత మహాకవయిత్రిగా పేరొందిన ఎమిలీ డికిన్సన్. ఆమెనూ ఎస్తర్‌నూ సహాధ్యాయులని కొందరు రాస్తుంటారు గానీ, ఒకరు వెళ్లిన తర్వాత ఇంకొకరు చేరారు. ఏదైతేనేం, ప్రిన్సిపాల్ గారు ఆ చీటీలను వద్దన్న రోజుల్లోనే, ఆ విద్యాలయం నుంచి బయటికొచ్చిన విద్యార్థిని వాటితోనే వ్యాపారం పెట్టడానికి సిద్ధపడుతోంది. మన హాస్టల్ నోటీసు బోర్డుల చరిత్ర తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

చదువు ముగించి ఇంటికొచ్చిన కొద్దికాలానికే ఆమె చేతికి ఇంగ్లండు నుంచి ఒక వాలెంటైన్ కార్డు వచ్చింది. పంపింది తండ్రికి వ్యాపారంలో పరిచయస్తుడు. చుట్టూ కాగితపు లేసు, మధ్యలో రంగు పువ్వులు. ఈ కాగితపు లేసు తయారీ వినదగ్గది. చెక్కిన అచ్చు మీద కాగితాన్ని పెట్టి గట్టిగా నొక్కితే డిజైను ఉబ్బెత్తుగా లేస్తుంది. ఆ ఉబ్బిన భాగాన్ని ఆకురాయితో అరగదీస్తే అక్కడక్కడ చిల్లులు పడి అచ్చం నూలు లేసులా కనిపిస్తుంది. అమెరికాలో అప్పుడు దొరికే కార్డుల్లో ఇంత పనితనం ఉన్నవి ఇంగ్లండు నుంచి రావలసిందే. వాటి ధర సామాన్యులు భరించలేనిది.

కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నేనూ చేయగలననుకుంది ఎస్తర్. అలా అనుకోవడం తేలికే, మేమూ అనుకున్నాం! కానీ ఆమె అనుకుని ఊరుకోలేదు. కాగితపు లేసు, రంగు పువ్వులు, బొమ్మలు తెప్పించిపెట్టమని తండ్రిని అడిగింది. కొన్ని నమూనా కార్డులు చేసింది. దుకాణం సరుకుల ఆర్డర్ల కోసం ఊళ్లు తిరిగే సోదరుడికి ఆ నమూనాలిచ్చి, పోయిన చోటల్లా చూపించమంది. 200 డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుందట. సోదరుడు తిరిగొచ్చేసరికి 5,000 డాలర్ల పైచిలుకు ఆర్డర్లు తెచ్చాడని చెబుతారు.

అదృష్టం అనేస్తే సరిపోదు. కాలం కూడా కలిసొచ్చింది. 1845లో అమెరికా ప్రభుత్వం తపాలా ఛార్జీలు బాగా తగ్గించింది. 1847లో దేశమంతటా చెల్లే తపాలా బిళ్లలు మొదటిసారి వచ్చాయి. 1851లో ఛార్జీలు ఇంకా తగ్గాయి. ఉత్తరం పంపడం సామాన్యుడికి అందుబాటులోకి రాగానే, పంపదగ్గ కార్డుకు గిరాకీ పుట్టింది.

5,000 డాలర్ల కార్డులు ఒక్క చేత్తో అయ్యే పనేనా? మేము 31 దగ్గరే చతికిలపడ్డాం. ఎస్తర్ స్నేహితురాళ్లను పిలిచింది. ఇంట్లో మూడో అంతస్తులో పొడుగాటి బల్ల వేయించి, పనిని ముక్కలుగా పంచింది. ఒకరు రంగు బొమ్మలు కత్తిరించాలి. ఇంకొకరు ఎదుట పెట్టిన నమూనా చూసి అడుగు కాగితం సిద్ధం చేయాలి. అది పక్కవారికి వెళ్తే వారు లేసు అంటించాలి. ఆ పక్కవారు పువ్వులు అమర్చాలి. నమూనాలు మాత్రం ఎస్తరే చేసేది, తయారైనవి తనే పరీక్షించేది. మోటారు కార్ల ఫ్యాక్టరీల్లో హెన్రీ ఫోర్డు పని పంచాడని మనం పాఠాల్లో చదువుకున్నాం. అంతకు అరవై ఏళ్లకు పైగా ముందే ఒక ఇంటి మేడమీద ఆడవాళ్లు ఆ పద్ధతిలో జిగురు రాశారు. దీనికి బీజం మౌంట్ హోలియోక్ వంటింట్లో పడిందేమోనని నాకు అనిపిస్తుంది. రుజువేమీ లేదు, నా ఊహ మాత్రమే.

ఆమె పనితనం గురించి నాలుగు మాటలు. తెల్లని లేసు తెల్లని కాగితం మీద కనిపించదు కదా. అందుకని లేసు కింద నిగనిగలాడే చిన్న రంగు కాగితపు ముక్క అంటించింది. చిల్లుల్లోంచి ఎరుపో నీలమో తొంగిచూసేసరికి లేసుకు ప్రాణం వచ్చింది. లేసును నేరుగా అంటించకుండా, ముడతలుగా మడిచిన కాగితపు స్ప్రింగుల మీద నిలబెట్టింది. దాంతో కార్డుకు లోతు వచ్చి, చిన్న రంగస్థలంలా కనిపించేది. పద్యాన్ని పైన అచ్చువేయకుండా చిన్న చీటీ మీద లోపల అంటించింది. తెరిచి చూస్తే గానీ మనసులో మాట బయటపడదు. మనం ఇప్పుడు కొట్టుకునే రబ్బరు స్టాంపులు ఆమె మొదలుపెట్టిన నాటికి లేవు. రబ్బరును గంధకంతో కలిపి గట్టిపరచే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ అమెరికాలో 1844లో పేటెంటు పొందాడు. దాంతో చేసిన స్టాంపులు వాడుకలోకి వచ్చింది 1860ల్లో.

పని పెరిగాక ఆమె ఇంకో ఏర్పాటు చేసింది. ఇల్లు కదల్లేని ఆడవాళ్లకు కావలసిన సామానంతా పెట్టెలో సర్ది, నమూనాతో సహా ఇంటికే పంపేది. వారం తర్వాత బండివాడు వచ్చి తయారైన కార్డులు తీసుకుపోయేవాడు. ఆడవాళ్లకు బయట జీతం దొరికే పనులు కొద్దిగానే ఉన్న రోజులవి. అప్పటి లెక్కలో ఆమె మంచి కూలి ఇచ్చేదని పేరు.

ఇది చదువుతుంటే నాకు మన నరసాపురం లేసు గుర్తొచ్చింది. అక్కడా 19వ శతాబ్దపు నడిమి కాలం నుంచి ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అల్లుతున్నారు. మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో వారి మీద ఒక పుస్తకమే రాశారు. ఇంటి దగ్గర తీరిక వేళ చేసే పని అని పేరుపెట్టి వారి కష్టానికి తక్కువ విలువ కట్టారన్నది ఆమె తేల్చిన విషయం. అల్లిన వాళ్ల పేర్లు కొన్నవాళ్లకు తెలియవు. వూస్టర్‌లో కూలి నయం కావచ్చు, పేర్ల సంగతి మాత్రం అక్కడా ఇంతే.

1866లో ఎస్తర్ మోకాలికి దెబ్బ తగిలింది. చాలాకాలం చక్రాల కుర్చీలోనే గడిపింది. బల్ల దగ్గరికి కుర్చీ తోయించుకుని పని చూసుకుంది గానీ ఆపలేదు. 1870ల నాటికి న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీ అన్న పేరు స్థిరపడింది. వ్యాపారం ఏటా 100,000 డాలర్లకు చేరిందంటారు. 1879లో 131 పద్యాలతో ఒక పుస్తకం వేసింది. కార్డు నచ్చి, అందులోని పద్యం నచ్చకపోతే ఈ పుస్తకంలోంచి వేరే పద్యం ఎంచుకుని దాని మీద అంటించుకోవచ్చు. కొనేవాడి ఇబ్బంది అంతగా కనిపెట్టిన మనిషి.

అంత చేసిన మనిషి 1880 ప్రాంతంలో వ్యాపారం వదిలేసింది. కారణం నష్టం కాదు. తండ్రి జబ్బుపడితే చూసుకోవడానికి మనిషి కావాలి. ఆమెకు పెళ్లి కాలేదు. కూతురు కనుక ఆ బాధ్యత ఆమెదే అయింది. కంపెనీని ఆ ఊరి వాడే అయిన జార్జ్ విట్నీ కొన్నాడు. ఆయన క్రమంగా యంత్రాలతో పెద్దయెత్తున కార్డులు తీశాడు. ఆయన సంస్థ 1942 వరకు నడిచింది. ఎస్తర్ 1904లో, 75 ఏళ్ల వయసులో, క్విన్సీ పట్టణంలో కన్నుమూసింది. లక్షల మంది ప్రేమలకు కాగితం సమకూర్చిన మనిషి ఒంటరిగా బతికిందని కొందరు జాలిపడతారు. నాకు జాలి అక్కడ కలగలేదు. ముప్ఫై ఏళ్లు కట్టుకున్న పనిని ఇంటికోసం వదిలిందే, అక్కడ గుండె కలుక్కుమంది.

వూస్టర్‌లోని అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ గ్రంథాలయంలో ఆనాటి కార్డులు భద్రంగా ఉన్నాయి. ఆమె కార్డుల్లో చాలావాటి వెనక చిన్న ముద్ర ఉంటుంది. ఎర్ర రంగులో హెచ్ అన్న ఒక్క అక్షరం. హౌలండ్ అనే ఇంటిపేరులో మొదటి అక్షరం. ఆ అక్షరం వెనక ఆమె ఒక్కతే లేదు. బొమ్మ కత్తిరించిన చెయ్యి, లేసు అంటించిన చెయ్యి, పెట్టె కోసం గుమ్మంలో ఎదురుచూసిన ఇల్లాలు, అందరూ ఉన్నారు. అయితే వాళ్లెవరో ఆ కార్డు చెప్పదు. ఎస్తర్ మీద నాకున్న గౌరవం తగ్గలేదు గానీ, ఈ ఒక్క లోటు మాత్రం నన్ను వదల్లేదు.

లైబ్రరీ నుంచి తిన్నగా తమ్ముడి గదికి వెళ్లాను. క్షమించమని అడిగాను. అతను కాసేపు కిటికీలోంచి చూసి, బ్లేడు ఎక్కడ పెట్టారని అడిగాడు. ఆ సాయంత్రం మెస్ హాల్లో బల్లలు వరసగా వేశాం. మడిచేవాళ్లు మడిచారు, ముద్రలు వేసేవాళ్లు వేశారు, ఆరబెట్టేవాళ్లు ఆరబెట్టారు. మూడు సాయంత్రాల్లో 200 పూర్తయ్యాయి. అన్నీ అమ్ముడుపోయాయి కూడా.

కార్డు వెనక కొట్టడానికి తమ్ముడే ఒక స్టాంపు చెక్కాడు. పనిచేసిన పదకొండుమంది పొడి అక్షరాలూ అందులో ఉన్నాయి, ఈసారి తిరగేసి, సరిగ్గా. సిరా ఎరుపే వాడాం. అతని అక్షరం చివర చెక్కుకున్నాడు. మేం ఒప్పుకోలేదు. ఇంకో రబ్బరు తెచ్చి, మొదట పెట్టించి మళ్లీ చెక్కించాం.