బొలారంలో పుట్టిన వేటగాడు

వేట అనే మాటకు మొవ్వ, బందరు, అవనిగడ్డ ప్రాంతాలలో ఉన్న అర్థం వేరు. దివిసీమ రేవులలో ఎవరైనా వేటకు పోయినారంటే వలలు పుచ్చుకొని సముద్రం మీదికి పోయినారని అర్థం. వేటమాంసమంటే మేకమాంసమే. కృష్ణ పాయల నడుమ వరిచేలు, తాటితోపులు ఉన్నవి గాని పెద్దపులులుండే అడవులు లేవు. పెద్దపులిని ఈ సీమవారు దసరా వేషాలలో చూసినదే హెచ్చు. అందుచేత ఒక జంతువును కొట్టడానికి ఏ తుపాకి తగును, ఎంత లావు గుండు కావలెను అనే ప్రశ్న ఇక్కడి విద్యార్థికి వింతగా తోచవచ్చు. కాని శేషాచలం కొండల అంచున, చిత్తూరు జిల్లా పల్లెలలో, ఒకప్పుడు అది మనుష్యుల ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. ఆ ప్రశ్నను భుజాన వేసుకొని దక్షిణదేశపు అడవులలో జీవితమంతా తిరిగినవాడు కెన్నెత్ అండర్సన్.

అండర్సన్ 1910 మార్చి 8వ తేదీన బొలారంలో జన్మించాడు. సికిందరాబాదు చేరువనున్న బొలారం అప్పుడు నిజాము రాజ్యంలోని సైనికుల దండు. వారిది స్కాట్లండు కుటుంబమే అయినా కొన్ని తరాలుగా ఈ దేశంలో స్థిరపడినది. తండ్రి సైనికుల జీతాల లెక్కలు చూసే ఉద్యోగి. కుమారుని బెంగుళూరులో బిషప్ కాటన్ పాఠశాలలోను, పిదప సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివించి, న్యాయశాస్త్రం కోసం ఎడింబరో పంపాడు. కుర్రవాని మనసు అక్కడ నిలువలేదు. చదువు నడుమనే వదలి తిరిగివచ్చాడు. తంతి తపాలా శాఖలో పదునైదేండ్లు పనిచేశాడు. తర్వాత బెంగుళూరు విమాన కర్మాగారంలో పెద్ద ఉద్యోగిగా ఉన్నాడు. సెలవు దొరికితే అడవికి పోయేవాడు. కన్నడము, తమిళము చక్కగా మాట్లాడగలిగినందువల్ల పల్లెవారు, అడవిజాతులవారు ఆయనకు చుట్టాలవలె అయినారు. బైరడు అనే అడవి మనిషిని గూర్చి ఆయన తన పుస్తకాలలో రాసిన పుటలు చదివితే, దొర ఎవరో శిష్యుడెవరో ఒక్కొక్కప్పుడు తెలియదు. అడవి విద్యలో బైరడే గురువు.

ఆయన చేతి తుపాకి .405 వించెస్టర్. దాని పుట్టుక తెలుసుకొనడం అవసరం. తుపాకి గొట్టపు లోపలి వ్యాసాన్ని అంగుళంలో ఎన్నవ వంతో లెక్కగట్టి ఆ పేరు పెడతారు. అంటే ఇది అంగుళంలో వెయ్యింట నాలుగు వందల అయిదు వంతులున్న గొట్టమన్నమాట. అమెరికాలో 1904వ సంవత్సరంలో ఈ తూటా బయటికి వచ్చింది. దాని గుండు బరువు మూడు వందల గ్రెయిన్లు. మన కంసాలి త్రాసులో తులమున్నరకు పైచిలుకు. గొట్టం విడిచేటప్పుడు సెకనుకు 2,200 అడుగుల వేగం. అమెరికా అధ్యక్ష పదవి విడిచిన థియొడోర్ రూజ్వెల్టు 1909లో తూర్పు ఆఫ్రికాకు వేటకు పోతూ ఈ తుపాకినే వెంట తీసుకొనిపోయాడు. సింహాలమీద దీనిని మించినది లేదని ఆయన నమ్మకం. ఆయన బృందం ఆఫ్రికా వేట ముగించి ఖార్టూము చేరినది 1910 మార్చిలో, అంటే బొలారంలో అండర్సన్ కళ్ళు తెరిచిన నెలలోనే. ఇది కేవలం కాకతాళీయమే అయినా చెప్పకుండా ఉండలేకపోయినాను.

రూజ్వెల్టు, ఆయన కుమారుడు కలిసి ఆ యాత్రలో కొట్టిన జంతువులు 512. ఈనాడు ఆ అంకె వింటే ఒళ్ళు జలదరిస్తుంది. అందులో పెక్కు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలకు చేరినవి. కాని గమనింపవలసిన దేమంటే, ఆయన ఒక్క తుపాకితో పోలేదు. ఏనుగుకు, ఖడ్గమృగానికి రెండు గొట్టాల పెద్ద ఇంగ్లీషు తుపాకి వేరే ఉన్నది. బయళ్ళలో దూరాన మేసే జింకజాతులకు సన్నని స్ప్రింగ్‌ఫీల్డు వేరే ఉన్నది. .405 ఆ రెంటికీ నడిమిది.

ఆఫ్రికా బయళ్ళను తలచుకొంటే కారణం బోధపడుతుంది. అక్కడ గడ్డి మైదానాలలో చారలగుర్రాలు, విల్డెబీస్టులు, మెలికల కొమ్ముల కుడూలు, ఎలండులు మందలుగా తిరుగుతవి. ఎలండు అన్ని జింకజాతులలోను పెద్దది. మగది తొమ్మిది వందల కిలోల దాకా తూగుతుంది. మన ఒంగోలు గిత్తను మించిన శరీరం, అడవిదున్నకు ఇంచుమించు సాటి. కుడూ మన కణుజుతో సరిపోలుతుంది. ఇవి మనిషిని దగ్గరకు రానీయవు. చెట్టుచాటు తక్కువ. రెండు వందల గజాలనుంచి కొట్టవలసి వస్తుంది. లావుపాటి మొద్దుమొన గుండు ఆ దూరం పోయేసరికి గాలికి వేగం కోల్పోయి కిందికి జారుతుంది. గురి గుండెకు పెడితే దెబ్బ కాలికి తగులుతుంది. సన్నగా పొడవుగా ఉన్న గుండు వేగం నిలుపుకొంటుంది. కనుక బయలు జంతువులకు గుండు లావు ఒక్కటే చాలదు, దూరాన దాని నడకను కూడా చూడవలెను. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఇది తేలిక లెక్కయే: బరువులో సగాన్ని వేగపు వర్గంతో హెచ్చవేస్తే గుండులోని శక్తి వస్తుంది. .405కు అది గొట్టం దగ్గర సుమారు 4,370 జౌళ్ళు.

ఈ లెక్కను తలక్రిందులు చేసినవా డొకడు ఉన్నాడు. స్కాట్లండువాడైన డబ్ల్యు. డి. ఎం. బెల్. 1880లో పుట్టి, చిన్నతనంలోనే ఆఫ్రికా చేరి, ఉగాండా ఉత్తరాన కరమోజా దేశంలో తిరిగినందువల్ల కరమోజో బెల్ అని పేరు పొందాడు. ఆయన కొట్టిన ఏనుగులు వెయ్యికి మించినవి. అందులో అధికభాగాన్ని ఏడు మిల్లీమీటర్ల సన్నని తుపాకితో కొట్టాడు. ఆ గుండు 173 గ్రెయిన్లు. తులానికి కొంచెం తక్కువ. శక్తి 2,750 జౌళ్ళు దాటదు. ఏనుగు తలను రంపంతో కోయించి మెదడు ఎక్కడ ఉన్నదో, ఏ వైపునుంచి చూస్తే ఏ గురికి అందుతుందో ముందుగా నేర్చుకొన్నాడు. గట్టి లోహపు తొడుగున్న గుండునే వాడాడు, ఎముకలో వంగిపోకుండా. చిన్న తుపాకి దెబ్బకు భుజం అదరదు, కన్ను మూతపడదు, అందుచేత గురి తప్పదని ఆయన వాదం. వాదం నిజమే. కాని అది బెల్‌కు నిజం. నమీబియా దేశపు చట్టం ఎలండు, కుడూల వంటివాటిని కొట్టే తుపాకికి కనీసం 2,700 జౌళ్ళు, ఏనుగు, అడవిదున్నలకు 5,400 జౌళ్ళు ఉండవలెనని విధించింది. బెల్ తుపాకి ఆ లెక్కన ఎలండుకు అంతంతమాత్రం, ఏనుగుకు నిషిద్ధం. చట్టం అందరి చేతులను చూసి రాయవలసి ఉంటుంది గదా!

ఇక అండర్సన్ చోటికి వద్దాము. చామల లోయ, భాకరాపేట, మామండూరు ప్రాంతాల అడవులలో రెండు వందల గజాల చూపు ఎక్కడిది? వెదురు పొదలు, ఎండిన వాగులు, రాతిచరియలు. మంచెమీద కూర్చుంటే ఎర ఇరవై ముప్పయి గజాలలో ఉంటుంది. పైగా రాత్రి. తుపాకికి బిగించిన విద్యుద్దీపపు వెలుగులో పులి కనిపించేది క్షణకాలం. ఆ క్షణంలో గుండెను వెదికే వ్యవధి ఉండదు. భుజానికి తగిలినా ఎముక విరిగి కూలవలెను. అందుకు లావు గుండు, మెత్తని సీసపు మొన. ఆ తుపాకికి మరొక గుణం కలదు. కింద ఉన్న మీటను ముందుకు తోసి వెనుకకు లాగితే కొత్త తూటా లోపలికి వస్తుంది. భుజం నుంచి దించకుండానే మళ్ళీ కొట్టవచ్చు. దూరంలో దీనికున్న లోపం అడవిలో అడ్డురాదు. రూజ్వెల్టు నడిమి తుపాకి మన కొండలకు సరిగా అమరింది.

కాని ఇంత శ్రద్ధ ఎందుకు? తగని తుపాకితో కొట్టినవాడు ఒక జంతువును చంపక విడిచిపెడతాడు. ఈ విషయాన్ని అండర్సన్ తన పుస్తకాలలో పలుమార్లు చెప్పాడు. పొలం కాచుకొనే రైతు నాటు తుపాకిలో మేకులు, సీసపు ముక్కలు కూరి చిరుతను కొడతాడు. పట్టణపు షికారీ పిట్టల తుపాకితో పులిమీద సరదా తీర్చుకొంటాడు. ప్రాణం పోదు. పంజా చితికిపోతుంది, దవడ విరుగుతుంది. కణుజును, దుప్పిని పట్టలేని ఆ జంతువు ఆకలికి పశువుమీదికి, తర్వాత మనిషిమీదికి వస్తుంది. కుమావూలో జిమ్ కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని తిన్నదని లెక్క. దాని కుడివైపు కోరలు రెండూ పాత తుపాకి దెబ్బకు విరిగి ఉన్నవి. ఎవడో పేరు తెలియనివాడు పేల్చిన ఒక్క చెడ్డ గుండుకు కట్టిన వెల అది. ఆ పులిని చంపినందుకు కార్బెట్‌కు బహుమానంగా ఇచ్చిన తుపాకి .275 రిగ్బీ, అంటే బెల్ వాడిన ఏడు మిల్లీమీటర్లదే! అన్నిటికీ తుపాకిదే నేరమని అనరాదు. గుమ్మలాపురం చిరుత నలభై రెండు మందిని చంపిన తర్వాత అండర్సన్ చేతిలో చచ్చింది. దాని పాదంలో దొరికినవి ముళ్ళపంది ముళ్ళు.

అందుకే గాయపడిన పులిని వెంటపడి పోవడం ఆయన నియమం. నెత్తుటిచుక్కలు చూసుకొంటూ పొదలలో నడవడం కంటె ప్రమాదకరమైన పని వేటలో లేదు. తన గుండు తప్పిన సందర్భాలను కూడా ఆయన దాచుకొనలేదు. ఆయన కథలలో ఎంత పాలు అనుభవం, ఎంత పాలు కథకుని చేతివాటం అని సందేహించినవారు ఉన్నారు. రాత్రి అడవిలో జరిగినదానికి సాక్షు లెవరు? అయినను ప్రభుత్వపు దస్తరాల ప్రకారం 1939 మొదలు 1966 వరకు ఆయన కొట్టిన మనుష్యభక్షకులు ఎనిమిది చిరుతలు, ఏడు పెద్దపులులు. కథలనుంచి ఎంత తీసివేసినా ఈ లెక్క మిగులుతుంది.

మొదటి పుస్తకం 1954లో వెలువడింది. చామల లోయ పులి కథ అందులోనిదే. మామండూరు పులి కథ 1957 నాటి పుస్తకంలో కలదు. తర్వాతి పుస్తకాలలో స్వరం మారుతుంది. తుపాకి ముచ్చట తగ్గి, రాత్రిపూట జీపులలో దీపాలు వేసుకొని వచ్చి జింకలను కుప్పలుగా కొట్టేవారిమీద కోపం, ఖాళీ అవుతున్న అడవులను గూర్చి దిగులు హెచ్చుతవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి ఈ దేశంలో పులివేటకు స్వస్తి చెప్పింది. కెన్యాలో వేట 1977లో ఆగిపోయింది. అండర్సన్ 1974 ఆగస్టు 30న పుట్టకురుపు వ్యాధితో కన్నుమూశాడు. ఆయన చివరి పుస్తకం మరణానంతరం 1976లో వచ్చింది.

చామల లోయ ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో భాగం. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అండర్సన్ నాటి పెద్దపులులు అక్కడ కాపురం లేవు, చిరుతలు ఉన్నవి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక పసిపిల్లను చిరుత చంపింది. ఈసారి ఏ తుపాకి, ఎంత గుండు అని ఎవరూ అడుగలేదు. అటవీశాఖవారు దారి వెంబడి చెట్లకు కెమెరాలు కట్టి, బోనులు పెట్టి, కొద్దివారాలలో పలు చిరుతలను పట్టుకొన్నారు. కొండకు నడచిపోయే భక్తులకు దేవస్థానంవారు తలా ఒక చేతికర్ర ఇచ్చారు.