సగటు 25.00

7 టెస్టులు, 14 ఇన్నింగ్స్, 350 పరుగులు, అత్యధికం 81, సగటు 25.00. పేరు దాచి ఈ ఒక్క వరుస చూపిస్తే మన హాస్టల్‌లో ఎవరైనా ఏమనుకుంటారు? ఏదో కొన్నాళ్లు ఆడి పక్కకు తప్పుకున్న ఆటగాడు అనుకుంటారు. కానీ ఆ వరుస భారత టెస్టు క్రికెట్ మొదటి కెప్టెన్‌ది. పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకానికి సి.కె. నాయుడు.

నేను ఆటగాణ్ని కాదు, స్కోరు రాసేవాణ్ని. మా కొత్తకోటలో ఎండకాలం సెలవుల్లో టెన్నిస్ బాల్ టోర్నమెంట్ పెడితే పుస్తకం నా చేతిలోనే ఉంటది. కాలేజీలో బాస్కెట్‌బాల్ జట్టుకూ అదే పని. ఆ పిచ్చితోనే పాత మ్యాచ్‌ల లెక్కలు వెతుక్కుంటూ పోతుంటాను. బాస్కెట్‌బాల్‌లో అందరూ చెప్పుకునే పాత కాగితం 1962 మార్చి 2ది. ఆ రోజు ఫిలడెల్ఫియా వారియర్స్ 169, న్యూయార్క్ నిక్స్ 147. విల్ట్ చాంబర్లిన్ ఒక్కడే 36 బాస్కెట్లు, 28 ఫ్రీ త్రోలు వేసి సరిగ్గా 100 పాయింట్లు చేశాడు. ఆ ఆట వీడియో లేదు. అంకెలే సాక్ష్యం. మరి మనోళ్లలో అలా అంకెల్లో మిగిలిపోయిన మనిషి ఎవరని చూస్తే నాకు దొరికింది నాయుడు గారే.

ఆయన 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. 1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు. అప్పట్లో జట్లు ఊళ్ల పేర్ల మీద కాదు, మతాల పేర్ల మీద ఉండేవి. భారత జట్టు అనేది టెస్టుల్లో ఇంకా లేదు. అంటే నాయుడు గారికి ఇరవై ఏళ్ల వయసులో, ఆట ఉంది గానీ టెస్టు లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, సగటు దగ్గరికి వచ్చేసరికి పనికొస్తది.

1926 డిసెంబర్. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు మన దేశం తిరుగుతోంది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో మ్యాచ్. ముందు ఇంగ్లిష్ బ్యాటర్ గై ఎర్ల్ 8 సిక్సర్లతో 130 కొట్టాడు. మర్నాడు నాయుడు గారు బ్యాట్ పట్టుకుని దిగారు. రెండు గంటల లోపే 153. అందులో 13 ఫోర్లు, 11 సిక్సర్లు. లెక్కేయండి: 52 ప్లస్ 66, మొత్తం 118 పరుగులు బౌండరీల మీదే వచ్చాయి. పరుగెత్తి తీసింది 35. వార్త ఊళ్లో పాకి జనం పనులొదిలేసి మైదానానికి వచ్చారట, చోటు చాలక చుట్టుపక్కల మేడలూ చెట్లూ ఎక్కారట. మన వాళ్లు ఇంగ్లండ్‌తో సమానంగా ఆడగలరన్న నమ్మకం గిల్లిగన్‌కు కుదిరింది. 1928 డిసెంబర్‌లో క్రికెట్ బోర్డు పుట్టడం వెనక ఆ పర్యటన ఉంది.

ఇక లార్డ్స్, 1932 జూన్ 25. భారత్ మొదటి టెస్టు. పర్యటనకు కెప్టెన్‌గా వెళ్లింది పోర్‌బందర్ మహారాజు. ఆ పర్యటన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో ఆయన చేసిన పరుగులు మొత్తం 2. ఆయన తన ఆట తెలుసుకుని తప్పుకున్నారు. ఉపకెప్టెన్‌కు గాయం. అలా పగ్గాలు నాయుడు గారి చేతికొచ్చాయి. అప్పటికి ఆయన వయసు 36.

ఆ స్కోరు కార్డు చూడండి. ఇంగ్లండ్ మొదట్లోనే 19కి 3. తర్వాత తేరుకుని 259. నిస్సార్‌కు 5 వికెట్లు, నాయుడు గారికి 2. ఫీల్డింగ్‌లో ఆయన చేతికి దెబ్బ తగిలింది. అదే చేత్తో బ్యాటింగ్‌కు దిగి 40 చేశారు. మన 189లో అదే ఎక్కువ. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 8 వికెట్లకు 275 దగ్గర డిక్లేర్ చేసింది. మనం 187. అందులో ఆయనవి 10. తొమ్మిదో స్థానంలో వచ్చిన అమర్ సింగ్ 51 చేసి భారత్‌కు మొదటి అర్ధశతకం తెచ్చిపెట్టాడు. 158 పరుగుల తేడాతో ఓడాం. కార్డులో నాయుడు గారి పేరు పక్కన 40, 10 అని ఉంటది. దెబ్బ తిన్న చెయ్యికి అందులో గడి లేదు.

ఆ ఒక్క పర్యటనలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో ఆయన 1,618 పరుగులు, 65 వికెట్లు తీశారు. 1933లో విజ్డెన్ ఎంచిన ఐదుగురు క్రికెటర్లలో ఒకరయ్యారు. అదే ఏడు డిసెంబర్‌లో మన గడ్డ మీద మొదటి టెస్టు మళ్లీ అదే బొంబాయి జింఖానాలో జరిగింది. లాలా అమర్‌నాథ్ 118 కొట్టి చరిత్రకెక్కాడు. అవతలి కొసలో నిలబడి 67 చేస్తూ 186 పరుగుల భాగస్వామ్యం ఇచ్చింది కెప్టెన్ నాయుడు గారే.

1936లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టుకు కెప్టెన్ ఆయన కాదు, విజయనగరం రాజకుమారుడు విజ్జీ. మూడు టెస్టుల్లో విజ్జీ చేసింది 33 పరుగులు, సగటు 8.25. పదవి ఎలా వచ్చిందో ఈ అంకెలు చెప్పవు గానీ, ఆటతో రాలేదని మాత్రం చెప్తాయి. చివరి టెస్టులో, ఓవల్‌లో గబ్బీ అలెన్ బంతి నాయుడు గారి ఛాతీ దగ్గర బలంగా తగిలింది. అయినా క్రీజు వదలకుండా 81 చేశారు. అదే ఆయన అత్యధిక టెస్టు స్కోరు, అదే చివరి టెస్టు ఇన్నింగ్స్.

ఇప్పుడు ఆ 25.00 దగ్గరికి వద్దాం. అంకె తప్పు కాదు. 350ని 14తో భాగిస్తే అంతే వస్తది. కాకపోతే ఆ లెక్క ఆయనకు 36 ఏళ్లప్పుడు మొదలై 40 ఏళ్లకు ముగిసింది. దానికి ముందు పదహారేళ్లు దేశానికి టెస్టే లేదు. మొత్తం ఫస్ట్‌క్లాస్ లెక్క తీస్తే 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు. మనం సెమిస్టర్ల గ్రేడ్లు చూసి ఒకరినొకరు తూచుకుంటాం కదా. ఏ అంకెను ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలిచారో అడగకుండా తూచితే, నాయుడు గారు కూడా ఫెయిల్ అయిన లెక్కే.

40 తర్వాత ఆయన ఆగలేదు. హోల్కర్ జట్టుకు ఆడుతూ 1945-46 రంజీ ఫైనల్‌లో బరోడా మీద సరిగ్గా 200 కొట్టారు. ఆయన జీవితంలో అత్యధిక స్కోరు అదే, అప్పటికి వయసు 50. బొంబాయితో ఒక మ్యాచ్‌లో ఫాడ్కర్ బంతికి రెండు పళ్లు ఊడితే వాటిని పక్కకు నెట్టేసి ఆట కొనసాగించారని చెప్తారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగితే, 58 ఏళ్ల వయసులో ఆ జట్టుకూ ఆడారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది, ఒక క్రికెటర్‌కు రావడం అదే మొదలు. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున ఆడిన చివరి రంజీ ఇన్నింగ్స్‌లో ఆయన స్కోరు 52, వయసు 61.

1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. ఇప్పుడు అండర్-23 కుర్రాళ్ల జాతీయ ట్రోఫీ, బోర్డు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం రెండూ కల్నల్ సి.కె. నాయుడు పేరు మీదే ఉన్నాయి. ఒకటి ఆట మొదలుపెట్టేవాళ్లకు, ఇంకోటి ముగించినవాళ్లకు. ఆ రెండింటి మధ్య దూరం ఆయన కొలతలో దాదాపు యాభై ఏళ్లు.